కళ్ళజోడు తీసి అడిగే మనిషి

ఆయన పోయారన్న కబురు మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చింది. వెనకాలే దండాల బొమ్మలు వరసకట్టాయి. మంచి మనిషి అని ఒకరు, మృదుభాషి అని ఒకరు, అజాతశత్రువు అని ఇంకొకరు రాశారు. నేను పొయ్యి మీద వంకాయ కూర కలుపుతున్నాను. ఫోను పక్కన పెట్టి కూర కలపడం పూర్తిచేశాను. నాకు బాధ కలగలేదు. అజాతశత్రువన్న మాట దగ్గర మాత్రం ఒళ్ళు మండింది. శత్రువులు లేకపోవడమేమిటి, నేనున్నాను కదా.

పేరు రాయను. రాస్తే ఆయన పిల్లలు బాధపడతారు, వాళ్ళు నాకేమీ అపకారం చెయ్యలేదు. ఆయన మా సెక్షనుకి సూపరింటెండెంటు. మా ఆఫీసు పోర్టు రోడ్డు పక్కన. కిటికీ తెరిస్తే ఫైళ్ళ మీద ఎర్రటి ఖనిజం ధూళి పేరుకుంటుంది, మూస్తే ఉక్కపోత. అంత ధూళిలోనూ ఆయన తెల్లచొక్కా సాయంత్రం దాకా తెల్లగానే ఉండేది. అదెలా కుదిరేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గోదావరి వైపు మనిషి. అటెండరుని కూడా గారు అనేవారు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. మా వైపు వాళ్ళం గట్టిగా మాట్లాడతాం, గట్టిగా తిడతాం, నవ్వినా గట్టిగానే నవ్వుతాం. ఆ మెత్తటి గొంతు ముందు మేమంతా సంతకి వచ్చిన జనంలా ఉండేవాళ్ళం.

ఎవరినైనా ఏదైనా అడగాలంటే ఆయన ముందు కళ్ళజోడు తీసేవారు. జేబురుమాలుతో ఒక అద్దం తుడిచి, తర్వాత రెండో అద్దం తుడిచి, మడిచి బల్ల మీద పెట్టేవారు. అప్పుడు, "గౌరవంగానే అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి" అనేవారు. కళ్ళజోడు బల్ల మీదికి వచ్చిందంటే ఆ పూట ఎవరికో మూడిందన్నమాట. ఏం అడిగినా ఆఖర్న, "ఊరికే, తెలుసుకుందామని" అని చేర్చేవారు. మొహం మీద కొట్టినవాణ్ణి తిరిగి కొట్టొచ్చు. గౌరవంగా అడిగినవాణ్ణి ఏం చేస్తాం? జవాబు చెప్పి చావాలి.

గురువారం భోజనాలు ఆయనే మొదలుపెట్టారు. దానికి ముందు సెక్షనులో ఒక గొడవ జరిగింది. సీనియర్ అసిస్టెంటు బాషా గారి టిఫిన్ డబ్బా వైపు చూసి ఎవరో వెకిలి మాట అన్నారు. ఆ రోజు నుంచి బాషా గారు మాతో తినడం మానేసి, రికార్డు గదిలో అరల మధ్య ఒక్కరే కూర్చుని తినేవారు. ఈయన ఆ కూసినవాణ్ణి పిలిచి చీవాట్లు పెట్టలేదు. ప్రతి గురువారం అందరం ఒకే చోట కూర్చుని తినాలన్నారు. తింటూ ఒక్కొక్కరు తమ ఇంటి నమ్మకం గురించి ఏదో ఒకటి చెప్పాలి. మిగతావాళ్ళు నవ్వకూడదు, వాదించకూడదు, మధ్యలో అందుకోకూడదు. నాకు ఆయనంటే పడదు గానీ అది మంచి పనే. బాషా గారిని రికార్డు గదిలోంచి బయటికి తెచ్చింది ఆయనే. శుక్రవారం నమాజుకి వెళ్ళి కాస్త ఆలస్యంగా వస్తే పైవాళ్ళతో మాట్లాడి సర్దిందీ ఆయనే. ఇది చెప్పకుండా మిగతాది చెబితే నాదే అన్యాయమవుతుంది.

మొదట్లో ఆ భోజనాలు నాకూ బాగుండేవి. టైపిస్టు ఆంథోనీ గారు కేథలిక్కు. రాస్ హిల్ మీద మరియమ్మ పండగనాడు వాళ్ళమ్మ చెప్పుల్లేకుండా మెట్లెక్కేదని, దారిలో కనిపించిన ప్రతి మనిషికీ బటానీలు పంచేదని చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. బాషా గారు ఉరుసు రోజుల గురించి చెప్పారు. దర్గాకి వచ్చేవాళ్ళలో హిందువులే ఎక్కువని, కొత్త పడవ కొన్న జాలరివాళ్ళు ముందు అక్కడికి వచ్చి చాదర్ కప్పి వెళతారని చెప్పారు. పక్కపక్క బల్లల దగ్గర అన్నేళ్ళు పనిచేశాం, ఒకరి ఇంట్లో దీపం ఎటువైపు పెడతారో ఇంకొకరికి తెలియదు. వింటుంటే ముచ్చటగానే ఉండేది.

నా వంతు వచ్చింది. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. మా అమ్మోరి పండగ గురించి, నెత్తిన ఘటాలు పెట్టుకుని ఊరంతా తిరగడం గురించి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీశారు.

"పద్మ గారూ, గౌరవంగానే అడుగుతున్నాను. అమ్మవారికి కోడిని కోస్తారు కదా. ఆమెకి అది ఇష్టమని మీకెలా తెలుసు?"

"మీ ఆవిడకి ఏటిష్టమో మీకు తెల్దా సార్? ఇదీ అలాగే" అన్నాను.

నవ్వకూడదన్న నియమం ఆ పూటకి గాలికి పోయింది. బాషా గారికి పొలమారింది. సూపరింటెండెంటు గారు కూడా చిరునవ్వు నవ్వి, "ఆలోచించాల్సిన మాట" అన్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. పరీక్ష పేపరు దిద్దేవాడు మార్జిన్‌లో మార్కు వేసినట్టు నవ్వారు. ఇంకో సంగతి అప్పుడే గమనించాను. అందరి చేతా చెప్పించేవారు గానీ ఆయన వంతు మాత్రం ఎప్పుడూ వచ్చేది కాదు. ఆఖర్న గోడ గడియారం వైపు చూసి, "నాది మరోసారి" అని లేచిపోయేవారు. ఆయన పూజ చేస్తారో, చెయ్యరో, ఏ దేవుడికి దండం పెడతారో, అసలు పెడతారో లేదో మాలో ఎవరికీ తెలియదు.

ఇక కరుణ సంగతి చెప్పాలి. ఆయన్ని నేను క్షమించకపోవడానికి కారణం కరుణే.

కరుణ మా సెక్షనులో జూనియర్ అసిస్టెంటు, నాకంటే బాగా చిన్నది. మల్కాపురంలో ఉంటుంది. మొగుడు పోర్టులో కూలి పని చేసి చేసి ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు. ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఇల్లంతా ఆ ఒక్క ఉద్యోగం మీదే నడుస్తుంది. ఆ ఉద్యోగం ఎస్సీ కోటాలో వచ్చింది. కాగితాల్లో కరుణ హిందువు. ఇంట్లో మాత్రం తాతల నాటి నుంచీ క్రీస్తునే కొలుస్తారు. ఆ మాట ఆఫీసులో తన నోటితో పైకి చెప్పిందంటే, ఎవరైనా ఒక అర్జీ పడేస్తే, ఉద్యోగానికే ముప్పు. క్రైస్తవులైతే ఆ కోటా వర్తించదు, చట్టం అలా ఉంది. వాళ్ళ వీధిలో చాలామందిది ఇదే బతుకు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళతారు, సోమవారం చిన్న బొట్టుబిళ్ళ అంటించుకుని పనికి వెళతారు. ఇది మా సెక్షనులో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. చెమటకి బొట్టుబిళ్ళ జారితే, "కరుణా, బొట్టు" అని చెప్పి సర్దుకోమనేవాళ్ళం, అంతే. అడక్కపోవడమే మా మర్యాద. ఆ మర్యాద ఎవరూ ఎవరికీ నేర్పలేదు, ఎలాగో వచ్చేసింది.

ఆంథోనీ గారి సంగతి వేరు, ఆయనది ఆ కోటా ఉద్యోగం కాదు. ఆయన మెడలో శిలువ వేసుకుని తిరిగినా ఆయన ఉద్యోగానికి వచ్చే నష్టం లేదు. బాషా గారికీ, నాకూ అంతే. మేం ముగ్గురం మా దేవుళ్ళ గురించి ఎంతసేపైనా మాట్లాడగలం, మాకేం పోతుంది? కరుణ వంతు వచ్చేసరికి, "నాను పెద్దగా సెప్పడానికేటీ నేదండి" అని లేచి అందరి డబ్బాలూ పోగేసి కడగడానికి కొళాయి దగ్గరికి వెళ్ళిపోయేది. మేం వెళ్ళనిచ్చేవాళ్ళం. ఆయన కూడా కొన్నాళ్ళు వెళ్ళనిచ్చారు.

మార్గశిరం వచ్చింది. మార్గశిరంలో గురువారాలు నేను తెల్లవారకుండానే బురుజుపేట అమ్మవారి గుడికి వెళ్ళి, క్యూలో నిలబడి, దర్శనం చేసుకుని, అటునుంచి అటే ఆఫీసుకి వచ్చేదాన్ని. ఇంట్లో చేసిన చక్కెర పొంగలి అమ్మవారికి చూపించి, భోజనాల దగ్గర అందరికీ పెట్టేదాన్ని. కరుణ వాళ్ళు విగ్రహానికి పెట్టింది తినరు. అది నాకు తెలుసు. అందుకని గుడిలోకి తీసుకెళ్ళని అరటిపళ్ళు వేరే సంచిలో పెట్టి, ఆ సంచి మెట్ల దగ్గర చెప్పుల స్టాండు ఆవిడకి అప్పగించి వెళ్ళేదాన్ని. అందరికీ పొంగలి, కరుణకి అరటిపండు. చూసేవాళ్ళకి తెలియకూడదని పండు గబుక్కున దాని ఒళ్ళో పడేసేదాన్ని. చాలా తెలివిగా చేస్తున్నాననుకున్నాను.

ఆ గురువారం ఆయన కళ్ళజోడు తీసి తుడిచి బల్ల మీద పెట్టారు.

"కరుణ గారూ, నొప్పించాలని కాదు. పద్మ గారు మా అందరికీ అమ్మవారి ప్రసాదం పెట్టారు. మీకు వేరే సంచిలోంచి పండు ఇచ్చారు. కారణం ఏమై ఉంటుందా అని."

"దానికి సుగరు సార్" అన్నాను నేను, కరుణ నోరు తెరవకముందే.

"షుగర్ ఉన్నవారికి అరటిపండు మంచిదంటారా?" అని ఎంతో శాంతంగా అడిగారు.

బాషా గారు తల వంచుకుని అన్నం కెలుకుతున్నారు. ఆంథోనీ గారు కిటికీ వైపు తిరిగారు. నాకు ఇంకో అబద్ధం తట్టలేదు. ఆయన మళ్ళీ కరుణ వైపే చూసి, "ఇక్కడ అందరం మనవాళ్ళమే. మీ కారణం ఏదైనా మేం గౌరవిస్తాం. మీరు మనసు విప్పి చెప్పాలన్నదే నా కోరిక. ఊరికే, తెలుసుకుందామని" అన్నారు.

చెబితే ఉద్యోగం. చెప్పకపోతే పొంగలి. ఆ రెండిటి మధ్యా దాన్ని అంత సున్నితంగా కూర్చోబెట్టారు. కరుణ మొహంలో రంగు లేదు. నుదుటి మీద ఆ చిన్న బొట్టుబిళ్ళ మాత్రం ఎర్రగా ఉంది.

"కారనం ఏటీ నేదండి. నానూ తింతాను" అంది.

నా డబ్బా తన వైపు లాక్కుని, గరిటెతో కాకుండా చేత్తోనే పొంగలి తీసుకుంది. ఒక ముద్ద తిని ఆపుతుందనుకున్నాను. అడుగున నెయ్యి తేలే దాకా మొత్తం తింది. తింటున్నంతసేపూ ఎవరి వైపూ చూడలేదు. నోరున్నదాన్నని సెక్షనంతా పేరున్న నేను కూడా బొమ్మలా కూర్చున్నాను.

"చాలా సంతోషం. మీ విశాల హృదయానికి నా నమస్కారం" అని ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. కరుణ లేచి ఎప్పటిలాగే అందరి డబ్బాలూ పోగేసి కడగడానికి వెళ్ళింది.

తర్వాత వచ్చిన నెల మొదటి ఆదివారం వాళ్ళ చర్చిలో ప్రభు బల్ల. రొట్టె ముక్క, ద్రాక్షరసం ఇస్తారు. అది తీసుకోవడం వాళ్ళకి ప్రాణంతో సమానం. సోమవారం బస్సులో నా పక్కన కూర్చుని, "రొట్టి పల్లెం నా కాడికొచ్చిందక్కా. పక్కావిడికి అందిచ్చీసినాను" అంది.

"ఎందుకే?"

"భయపడి తిన్న నోరు కదా ఇది."

నాకు ఎక్కడో గుచ్చుకుంది. "అమ్మోరి పెసాదం తింటే పాపమేటే? ఇసమా అది?" అన్నాను.

"పెసాదం మంచిదే అక్కా. నువ్వు పేమగా వొండినావు. నాను దేవుడికి భయపడి మానీసినా బాగుణ్ణు, ఆ సారుకి భయపడి తిన్నాను. అదీ తప్పు" అని కిటికీ వైపు తిరిగింది. అప్పట్నుంచి కరుణ బల్ల తీసుకోవడం మానేసింది. చర్చికి వెళుతుంది, పాటలు పాడుతుంది, పళ్ళెం వచ్చినప్పుడు పక్కవాళ్ళకి అందిస్తుంది. వాళ్ళ పాస్టరు గారు ఇంటికొచ్చి చెప్పినా వినలేదు.

నేను ఊరుకోలేదు. సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళి తలుపు వేశాను. కరుణ బల్ల మానేసిన సంగతి చెప్పాను, మీవల్లే అన్నాను. ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. నాకు అదే ఇంకా కంపరం పుట్టించింది.

"నేను ఫిర్యాదు చేస్తానని భయపడ్డారా ఆమె? ఛ, అలాంటి ఉద్దేశమే లేదమ్మా. ఆమె చెప్పి ఉంటే ఆ మాట ఆ గది దాటి పోయేది కాదు."

"మీకు అది కాలక్షేపం సార్. దానికి కూడు" అన్నాను.

"మనసులో ఉన్నది దాచుకుని మనిషి ఎలా బతుకుతాడమ్మా? అది నాకు బాధగా ఉంటుంది. అందుకే అడుగుతాను."

"అయితే మీరు సెప్పండి. మీరేటి నమ్ముతారు?"

ఆయన కళ్ళజోడు తీశారు. ఒక అద్దం తుడిచారు, రెండోది తుడిచారు. మళ్ళీ మొదటిది తుడిచారు.

"అది వ్యక్తిగతం పద్మ గారూ" అన్నారు.

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో సిగ్గు గానీ, వెటకారం గానీ లేవు. తన విషయంలో అది అడగకూడని ప్రశ్న అన్నంత సహజంగా అన్నారు. నేను తలుపు విసురుగా తీసుకుని బయటికి వచ్చేశాను. గురువారం భోజనాలకి వెళ్ళడం మానేశాను. నా వెనకే ఒక్కొక్కరూ ఏదో ఒక సాకు చెప్పి తప్పుకున్నారు. ఆఖరికి ఆయనొక్కరే ఆ పెద్ద బల్ల దగ్గర కూర్చుని తినేవారు. ఆయన రిటైరైన రోజున మాత్రం అందరం శాలువాలు కప్పాం, ఫొటోలు దిగాం. నేను వెనక వరసలో నిలబడ్డాను.

మొన్న సంతాప సభ పెట్టారు. మా కొత్త ఆఫీసరు గారికి ఆయన తెలియరు. గ్రూపులో చదివిన మాటలే మైకులో చెప్పారు. "వారి విశ్వాసం ఏమిటో ఎవరినడిగినా తెలియలేదు. అన్ని మతాలనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టిన మనిషి కాబట్టి అన్ని ప్రార్థనలూ చేయిద్దాం" అన్నారు. బాషా గారు కళ్ళు మూసుకుని దువా చదివారు. క్యాషియరు గీతలో శ్లోకం చెప్పారు. తర్వాత ఆఫీసరు గారు చుట్టూ చూసి, "ఆంథోనీ గారు రిటైరయ్యారట కదా. మరి క్రిస్టియన్ ప్రేయర్ ఎవరు చేస్తారు? కరుణ గారూ, మీరు?" అన్నారు. ఆయనకి ఎవరో చూచాయగా చెప్పి ఉంటారు. మంచి మనసుతోనే అడిగారు.

హాలంతా నేల చూపులు చూసింది. చాలా ఏళ్ళ తర్వాత అదే కత్తి మళ్ళీ దాని మెడ మీదికి వచ్చింది, అదీ ఆ మనిషి ఫొటో ముందు. నేను నోరు తెరవబోయాను. కరుణ నా మోచెయ్యి నొక్కి తనే లేచింది.

"నాను దేవుడి సంగతి ఆఫీసులో మాట్లాడనండి. అడగొద్దు" అంది. "సారు కోసం నిలబడమంటే నిలబడతాను."

అని అలాగే నిలబడింది. ఆఫీసరు గారు తడబడి, సారీ అని, తనూ నిలబడ్డారు. కుర్చీల చప్పుడయింది, అందరం లేచాం. ఆ మౌనంలో నేను ఆయన్ని తలుచుకోలేదు. కరుణనే చూస్తూ నిలబడ్డాను. నాకు గర్వంతో కన్నీళ్ళొచ్చాయి. చూసినవాళ్ళు ఆయన కోసమే అనుకుని ఉంటారు, అనుకోనీ.

సాయంత్రం బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. నా సంతోషం పట్టలేక, "ఎంత బాగా సెప్పినావే. ఆవేల కూడా ఇదే ముక్క సెప్పుంటే ఎంత బాగుణ్ణు" అన్నాను.

"ఆవేల నాకు తెల్దక్కా, సెప్పకుండా కూడా ఉండొచ్చని" అంది.

రిఫైనరీ గోడ దాటాం. కరుణ స్టాపు దగ్గర పడుతోంది. వచ్చే ఆదివారం నెల మొదటి ఆదివారం. ఆయన పోయారు, కరుణ నోరు విప్పింది, ఇక అంతా సర్దుకోవాలి కదా అని నాకు ఒకటే ఆరాటం.

"కరుణా, ఈ ఆదివారం బల్ల తీసుకుంతావా?" అన్నాను.

కరుణ సంచి భుజానికి తగిలించుకుని లేచింది. నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది.

"ఆయనడిగితే ఆయన మీద కోపం తెచ్చుకున్నాను. నువ్వడిగితే ఎవురి మీద తెచ్చుకోనక్కా?"

జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి మల్కాపురంలో దిగిపోయింది. బస్సు కదిలింది. సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి. అయినా మెడ వెనక్కి తిప్పి, అది చర్చి ఉన్న సందు వైపు తిరుగుతుందా, ఇంటి వైపు తిరుగుతుందా అని చూస్తూనే ఉన్నాను.